అంకెకు నీవే సాక్షివి

నాయనా, మూలికల ఎక్స్‌ట్రాక్టులు తీసే ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగంలో చేరబోతున్నావని తెలిసి సంతోషించాను. చేరేముందు నాలుగు మాటలు చెప్పనీ. విజయవాడలో, హైదరాబాదులో, బెంగళూరులో తయారయ్యే ఈ పొడులు సముద్రాలు దాటి పోతాయి. మాత్రలుగా, క్యాప్సూల్సుగా మారి దేశదేశాల అంగళ్లకు చేరతాయి. మన వీధి చివరి మందుల షాపులోనూ కనిపిస్తాయి. వాటిలో కొన్నింటిని జ్ఞాపకశక్తి కోసమని, ఏకాగ్రత కోసమని, మతిమరుపు రాకుండా ఉండడానికని అమ్ముతారు. వాటిని గురించే నా మాట. జీతం గురించి, పదోన్నతి గురించి నీకు చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. నీ సంతకం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

నీ బల్ల మీదికి వచ్చేది గోధుమరంగు పొడి. అది ఏ ఆకుదో, ఏ వేరుదో చూసి చెప్పలేవు. పచ్చిగా ఉన్నంతకాలం మొక్క తన సాక్ష్యం తానే చెప్పుకొంటుంది. ఆకు అంచు, ఈనెల తీరు, వాసన, నాలుకకు తగిలే చేదు అన్నీ దానికి ఆనవాళ్లే. ఎండబెట్టి, నలగ్గొట్టి, ఆల్కహాలులో మరిగించి, వడకట్టి, చిక్కబరిచి, వేడిగాలిలో పొడిగా రాల్చాక ఆ ఆనవాళ్లలో ఒక్కటీ మిగలదు. పల్లెటూరి నాటువైద్యుడు కూడా దాన్ని గుర్తుపట్టలేడు. అప్పుడిక మిగిలేది ఒక కాగితం, కాగితం మీద ఒక అంకె, ఆ అంకె కింద నీ సంతకం. తాను సరిచూసుకోలేనివాడికి ఇచ్చిన మాటలో అబద్ధం కలిస్తే దాన్ని మామూలు అబద్ధంగా ఎంచకు. నమ్మినవాడి చేతులు కట్టి కొట్టడమంత పాపమది.

ఆ సీసా ఎవరింటికి చేరుతుందో ఆలోచించు. ఇంటర్ రెండో ఏడాదిలో నీట్‌కో ఈఏపీసెట్‌కో చదువుతూ, హాస్టల్లో చీకటితో లేచి పుస్తకం ముందు కూర్చునే పిల్లవాడు ఉన్నాడు. వాడి కోసం ఇంటి ఖర్చులో కొంత మిగిల్చి, మెదడుకు బలమని నమ్మి కొనే తల్లి ఉంది. వేలమంది శిష్యుల పేర్లు నోటికి చెప్పి, ఇప్పుడు మనుమరాలి పేరు కోసం తడుముకుంటున్న పంతులుగారు ఉన్నారు. వీళ్లంతా భయంతో కొంటారు. భయపడ్డవాడు రుజువు అడగడు, బేరమూ ఆడడు. కనుక అడగనివాడి తరఫున అడగవలసినవాడివి నీవే.

ముందు మొక్క సంగతి తేల్చుకో. బస్తా మీద బ్రాహ్మి అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నదేమిటో నీకు తెలిసినట్టు కాదు. నీటిపట్టున పాకుతూ, చిన్న మందపాటి ఆకులు వేసి, తెల్లగానో లేత ఊదాగానో పూసే మొక్క ఒకటుంది. శాస్త్రజ్ఞులు దాన్ని బకోపా మొన్నియేరి అంటారు. పిల్లలకు చదువు బాగా రావాలని మన తెలుగిళ్లలో పెట్టే సరస్వతి ఆకు వేరు. గుండ్రటి ఆకుల ఆ మొక్క సెంటెల్లా ఏషియాటికా. ఈ రెండోదాన్నే బ్రాహ్మి పేరుతో అమ్మే ప్రాంతాలు ఉత్తరాదిలో ఉన్నాయి. రెండూ వైద్యంలో మన్నన పొందినవే. అయినా ఒకదానిలోని బకోసైడ్లు అనే రసాయనాలు మరొకదానిలో ఉండవు, ఆ మరొకదానిలోని ఏషియాటికోసైడ్ ఇందులో ఉండదు. శంఖపుష్పి విషయం ఇంకా చిక్కు. ఉత్తరాదిన ఆ పేరుతో ఎక్కువగా వాడేది కన్వాల్వులస్ జాతి మొక్క. కొన్నిచోట్ల విష్ణుక్రాంతాన్ని వాడతారు. కేరళ వైద్యులు మన పెరళ్లలో నీలంగా పూసే శంఖపుష్పాన్ని తీసుకుంటారు. ఏ సంప్రదాయాన్నీ తప్పుపట్టే అధికారం మనకు లేదు. కానీ ఏ మొక్కను వాడామో లాటిన్ పేరుతో, వాడిన భాగంతో సహా రాయకపోతే తప్పు పూర్తిగా మనదే.

ఇక్కడే మరో మాట. సీసాల మీద వేల ఏళ్ల అనుభవమని రాస్తారు. చరక సంహిత చికిత్సాస్థానంలో మేధ్య రసాయనాలని నాలుగింటిని చెప్పిన మాట నిజం. మండూకపర్ణి స్వరసం, పాలతో అతిమధుర చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి కల్కం. ఏది రసంగా, ఏది చూర్ణంగా, ఏది ముద్దగా వాడాలో కూడా చెప్పిన శాస్త్రమది. అదే గ్రంథం అపస్మార చికిత్సలో బ్రాహ్మి రసంతో కాచిన నెయ్యిని చెప్పింది. ఆల్కహాలుతో లాగి, ఒక జాతి అణువులను పేర్చి, మిగతావాటిని చాలావరకు వదిలేసిన పొడిని గురించి ఆ ఋషులు ఏమీ చెప్పలేదు. ఈ కొత్త పదార్థం మేలు చేయవచ్చు, పాతదానికన్నా ఎక్కువ మేలే చేయవచ్చు. ఆ మేలును అది తన రుజువులతో నిలబెట్టుకోవాలి. పూర్వులు చేయని సంతకాన్ని వారిచేత చేయించడం పితృద్రోహం.

ఇక అంకె దగ్గరికి వద్దాం. నీ ధర్మానికి అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది.

1960ల తొలినాళ్లలో లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో ఛటర్జీ, రస్తోగీ, ధర్ అనే శాస్త్రజ్ఞులు బకోపా నుంచి సాపోనిన్లనే పదార్థాలను వేరుచేసి బకోసైడ్ ఎ, బకోసైడ్ బి అని పేర్లు పెట్టారు. బకోసైడ్ ఎ ఒకే పదార్థమని చాలాకాలం అనుకున్నారు. తర్వాతి పరిశోధనలో అది నాలుగు సాపోనిన్ల మిశ్రమమని తేలింది. ఇందులో ఎవరికీ అగౌరవం లేదు. శాస్త్రం ఇలాగే తనను తాను దిద్దుకుంటూ పోతుంది. అయితే శాస్త్రం దిద్దుకున్నా వ్యాపారం దిద్దుకోలేదు. బకోసైడ్లు 50 శాతమని సీసాల మీద ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. ఆ 50 దేనికి లెక్క?

పాత పద్ధతిలో పొడిని ఆమ్లంతో మరిగిస్తారు. సాపోనిన్లు విరిగి కొత్త పదార్థం ఏర్పడుతుంది. అది 278 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత (యూవీ) కాంతిని ఎంత మింగిందో యంత్రంలో చూసి, దాన్నిబట్టి మొత్తం బకోసైడ్లు ఇంతని లెక్కవేస్తారు. అక్కడ కాంతిని మింగే మలినం ఏదున్నా అది కూడా బకోసైడ్ ఖాతాలోకే పోతుంది. హెచ్.పి.ఎల్.సి. పద్ధతి అలా కాదు. ఒక్కో సాపోనిన్‌ను విడదీసి, శుద్ధమైన నమూనా పక్కన నిలబెట్టి, దేని పాలు దానికి లెక్కిస్తుంది. పాత పద్ధతిలో 50 వచ్చిన పొడి ఈ పద్ధతిలో అందులో సగానికి లోపే తేలడం ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన విషయం. పొడి మారలేదు, మొక్కా మారలేదు. మారింది కొలత ఒక్కటే. కొనుగోలుదారుడికి 50 కావాలి, పోటీవాడి సీసా మీద 50 ఉంది, కాబట్టి యూవీలోనే చూడు అని నీకు చెప్పేవాళ్లు వస్తారు. వారు నీచేత తప్పుడు అంకె రాయించడం లేదని నీవు మనసుకు సర్దిచెప్పుకోవచ్చు. యంత్రం చూపినదే రాశానని అనుకోవచ్చు. నాయనా, వినేవాడు ఏమని అర్థం చేసుకుంటాడో తెలిసి, ఆ అర్థం తప్పని కూడా తెలిసి, అక్షరాలా నిజమైన మాట చెప్పడం అసత్యంలో అతి నీచమైన రకం. అంకె పక్కన పద్ధతి పేరు లేని కాగితం మీద సంతకం పెట్టకు.

ఇంకో సంగతి గుర్తుంచుకో. ఏ ఒక్క అణువునో కొలిచి ఇంత శాతమని చెప్పినంత మాత్రాన మిగతాదంతా సమానమని చెప్పినట్టు కాదు. బకోపా ఏ ఋతువులో కోశారు, ఏ నేలలో పెరిగింది, ఎండలో ఆరబెట్టారా నీడలోనా, తేమ తగిలిన గోదాములో ఎన్నాళ్లు పడి ఉంది, వీటన్నిటినిబట్టి లోపలి రసాయనాలు మారతాయి. ఈసారి వచ్చిన బస్తా బలహీనంగా ఉంటే కిందటిసారి తీసిన గాఢమైన పొడి కలిపి సరిచేస్తారు. గాఢంగా ఉంటే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం కలిపి పలచబరుస్తారు. ఈ రెంటిలో దోషం లేదు, చెప్పి చేస్తే. కాగితంలో ఎక్కడా లేని మాల్టోడెక్స్‌ట్రిన్ సీసాలో ఉంటే, పది కిలోల ఆకు నుంచి ఒక కిలో తీశామన్న నిష్పత్తి రాసి, ఆ కిలోలో ఎంత ఆకు సారమో ఎంత పిండి పదార్థమో దాస్తే, అక్కడ దొంగతనం జరిగినట్టే.

కల్తీ గురించి చెప్పాలంటే జింకో కథ చెప్పాలి. చైనాకు చెందిన ఆ చెట్టు ఆకుల నుంచి జర్మనీలోని ష్వాబే సంస్థ ఈజీబీ 761 అనే సారాన్ని తయారుచేసింది. ఫ్లావోన్ గ్లైకోసైడ్లు 24 శాతం, టెర్పీన్ లాక్టోన్లు 6 శాతం, అలర్జీ కలిగించే జింకోలిక్ ఆమ్లాలు పదిలక్షల్లో 5 పాళ్లకు లోపు. ఇంత జాగ్రత్తగా కట్టిన ప్రమాణం మూలికల ప్రపంచంలో మరొకటి అరుదు. లోకమంతా ఆ 24ను, 6ను ఆదర్శంగా తీసుకుంది. ఆ ఆదర్శమే దొంగకు దారి చూపింది. ఫ్లావోన్ గ్లైకోసైడ్లను కొలిచే పద్ధతిలో ముందు వాటిని ఆమ్లంతో విడగొట్టి, మిగిలిన క్వెర్సెటిన్ వంటివాటిని లెక్కించి, దాన్నుంచి మొత్తం ఎంతో రాబడతారు. అలాంటప్పుడు జింకో ఆకు తక్కువ వేసి, సోఫోరా అనే వేరే చెట్టు నుంచి చవకగా దొరికే రూటిన్ కలిపినా అంకె 24కే వచ్చి నిలుస్తుంది. పాలలో నీళ్లు కలిపినవాడు లాక్టోమీటరుకు అనుమానం రాకుండా ఇంత చక్కెర కూడా వేసినట్టు. 2015లో చైనాలో మరో రకం మోసం బయటపడింది. ఆల్కహాలుకు బదులు చవకైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో జింకో సారం తీసి అనేక కంపెనీలకు అమ్మారు. ప్రభుత్వం కదిలి సరుకు వెనక్కి తీయించింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ప్రచురించిన పరీక్షల్లోనూ అంగట్లోని జింకో ఉత్పత్తుల్లో కల్తీ విస్తారంగా కనిపించింది.

పెన్నేరు గడ్డకూ ఇదే గతి పట్టింది. మన అశ్వగంధ అదే. ఔషధ గ్రంథాలు వాడమన్నది దాని వేరును. వేరు తవ్వడం కష్టం, ఆకు కోయడం సులువు. వేరులోని వితనోలైడ్లనే రసాయనాలు ఆకులోనూ ఉన్నాయి. కనుక వేరు పొడిలో ఆకు కలిపినా, వితనోలైడ్లు ఇంత శాతమన్న పరీక్షలో నెగ్గుతుంది. ఆకులో ఎక్కువగా ఉండే వితఫెరిన్ ఎ కణాలకు హానిచేసే గుణమున్నది. 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ అశ్వగంధ ఉత్పత్తుల్లో ఆకు వాడవద్దని తయారీదారులకు చెప్పవలసి వచ్చింది.   ఇందులో మందసోర్, నీమచ్ పొలాల్లో వేళ్లు తవ్వే రైతు ఏ పాపం చేశాడు? ఆకు కలిపినవాడి లాభం వాడి జేబులో ఉండిపోయింది, అపకీర్తి మాత్రం వేరు తవ్వినవాడి మీద పడింది. మోసం ఎప్పుడూ కొన్నవాడి దగ్గరే ఆగదు. నిజాయతీగా పండించినవాడి పంటనూ తగలబెడుతుంది.

న్యాయంగా ఇంకొకటి కూడా చెప్పాలి. 2015 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం నాలుగు పెద్ద దుకాణ సంస్థలకు నోటీసులిచ్చింది. డీఎన్ఏ పరీక్షలో వారి మూలికా మాత్రల్లో ఎక్కువ వాటిలో చెప్పిన మొక్క జాడ లేదన్నది ఆరోపణ. పత్రికలు గగ్గోలు పెట్టాయి. అయితే ఆల్కహాలు, వేడి, వడపోత దాటి వచ్చిన సారంలో మొక్క డీఎన్ఏ ముక్కలైపోతుంది, లేకుండానూ పోతుంది. అది కనిపించనంత మాత్రాన మొక్క లేదని తీర్పు చెప్పలేం. కల్తీని పట్టుకోవాలన్న తొందరలో తగని కొలబద్ద పట్టుకున్నా అన్యాయమే జరుగుతుంది. నేరం మోపే చేతికీ నిర్దోషి అని రాసే చేతికీ ఒకే ధర్మం. దేన్ని కొలిచావు, దేనితో కొలిచావు, ఆ కొలత ఎక్కడిదాకా పనికివస్తుంది, ఈ మూడింటినీ దాచకు.

లోహాల పరీక్షను ఎన్నడూ చిన్నచూపు చూడకు. బకోపా నీటిమొక్క. నీటిలోని కాడ్మియాన్ని, సీసాన్ని పీల్చుకొని తనలో దాచుకోగలదు. కలుషిత జలాలను శుద్ధిచేయడానికి దాన్ని పనికితెచ్చుకోవచ్చునా అని పరిశోధించినవారు ఉన్నారంటే ఆ శక్తి ఎంతటిదో ఊహించుకో. ఫ్యాక్టరీ కాలువ పక్కన కోసిన ఆకు మంచి చెరువులో కోసిన ఆకులాగే ఉంటుంది. బకోసైడ్ల శాతమూ నిండుగానే రావచ్చు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు అంగళ్లలో దొరికిన దక్షిణాసియా ఆయుర్వేద ఉత్పత్తులు 70 తీసుకొని పరీక్షిస్తే 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. సీసం పసిమెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. బుద్ధి పెరగాలని కొన్న మాత్రలోంచి బుద్ధిని తినే లోహం పిల్లవాడి ఒంట్లోకి పోతే, ఆ పాపానికి ఏ ప్రాయశ్చిత్తం చాలదు.

ఇంతవరకు సారం నిజమైనదా కాదా అన్నది చెప్పాను. సారం నిజమైనదైతే ఫలితమూ నిజమని అనుకోవడం మరో పొరపాటు. 2001లో ఆస్ట్రేలియాలో 46 మంది ఆరోగ్యవంతుల్లో కొందరికి రోజుకు 300 మిల్లీగ్రాముల బకోపా సారం, మిగతావారికి ఖాళీ మాత్రలు 12 వారాలు ఇచ్చి చూశారు. నేర్చుకునే తీరులో, చూసినదాన్ని మెదడు అందుకొనే వేగంలో కొంత మెరుగు కనిపించింది. ఆ మరుసటి ఏడు 40 నుంచి 65 ఏళ్ల మధ్యనున్న 76 మందితో చేసిన ప్రయోగంలో కొత్తగా తెలుసుకున్నది మరచిపోవడం తగ్గింది, నేర్చుకొనే వేగం మాత్రం పెరగలేదు. ఒక్క మోతాదు ఇచ్చి, రెండు గంటల తర్వాత పరీక్షించిన మరో ప్రయోగంలో ఏ తేడా కనిపించలేదు. ఇలాంటి 9 ప్రయోగాలను, 518 మందిని కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణ బకోపాకు కొంత ఆశ చూపింది, ఇంకా పెద్ద ప్రయోగాలు కావాలని చెప్పింది. ఇది ఆశాజనకమైన, నిరాడంబరమైన రుజువు. పరీక్షకు ముందురోజు మింగితే ర్యాంకు వస్తుందన్న మాటకు ఇందులో ఒక్క అక్షరం ఆధారం లేదు.

పైన చెప్పిన మొదటి రెండు ప్రయోగాల్లో వాడింది కీన్‌మైండ్ అనే ఒక ప్రత్యేకమైన సారాన్ని. లక్నో సంస్థ పరిశోధన నుంచి పుట్టినది అది. దాని ఫలితాన్ని, వేరే ఆల్కహాలు పాళ్లతో, వేరే చోటి ఆకుతో, వేరే కొలతతో చేసిన తమ పొడి మీద అచ్చువేసి అమ్మేవారు ఎందరో. ఒకరి పరీక్షలో వచ్చిన మార్కులు మరొకరి సర్టిఫికెట్‌లో వేయడం బడిలో జరిగితే నేరమంటాం. ఇక్కడ దాన్ని మార్కెటింగ్ అంటున్నారు. ఆ పేజీ నీ దగ్గరికి సరిచూడమని వచ్చినప్పుడు, ప్రయోగంలో వాడినది మన సారమేనా అని మొదటి ప్రశ్న వేయి. కాకపోతే కొట్టెయ్యి. నీవు కొట్టేసిన వాక్యం వేరేవాడి చేతుల్లో తిరిగి వస్తే, తిరిగి కొట్టెయ్యి.

జింకో సంగతీ విను. ఆ ఈజీబీ 761నే, కల్తీ లేని అసలు సారాన్నే, అమెరికాలో 75 ఏళ్లు పైబడిన 3,069 మందితో పరీక్షించారు. సగంమందికి 120 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు జింకో, తక్కినవారికి ఖాళీ మాత్ర. ఆరేళ్లపాటు గమనించారు. 2008లో ఫలితం ప్రకటించారు. ఖాళీ మాత్ర మింగినవారిలో 246 మందికి డిమెన్షియా వచ్చింది, జింకో మింగినవారిలో 277 మందికి వచ్చింది. ఫ్రాన్స్‌లో 70 ఏళ్లు దాటిన 2,854 మందితో ఐదేళ్లు సాగి 2012లో వెలువడిన ప్రయోగమూ జింకో అల్జీమర్స్‌ను ఆపలేదనే తేల్చింది. మన తండ్రికో తల్లికో వచ్చే మతిమరుపును ఒక మాత్ర ఆపుతుందని నమ్మాలని ఎవరికి ఉండదు? ఆ కోరిక పవిత్రమైనది. అందుకే దాన్ని సొమ్ము చేసుకోవడం మహాపరాధం. ఇక్కడ డబ్బు కన్నా ఎక్కువ నష్టమయ్యేది కాలం. థైరాయిడ్ లోపం వల్ల, బి12 లోటు వల్ల, మానసిక కుంగుబాటు వల్ల కూడా మతిమరుపు వస్తుంది. అవి వైద్యానికి లొంగుతాయి. సీసా మీద నమ్మకంతో ఒక ఏడాది ఆగిన కుటుంబం ఆ ఏడాదిని ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది?

చట్టం అన్నీ చూసుకుంటుందని నిశ్చింతగా ఉండకు. అమెరికాలో 1994 నాటి చట్టం ఈ ఉత్పత్తులను ఆహారం వైపు చేర్చింది. అమ్మేముందు ఫలితం రుజువు చేయనక్కరలేదు. మన దేశపు ఔషధ నియమాల్లో జే షెడ్యూలని ఒకటుంది. మందు నయం చేస్తుందని, నివారిస్తుందని చెప్పుకోకూడని వాటి జాబితా అది. ఎయిడ్స్, క్యాన్సర్‌లతో పాటు మెదడు సామర్థ్యం పెంచడం, జ్ఞాపకశక్తి మెరుగుపరచడం కూడా అందులో ఉన్నాయి. ఆ పంక్తి రాసినవారికి ఆశ ముందు మనుషులు ఎంత బలహీనులో బాగా తెలుసు. అయినా అదే మాట 2016 నాటి ఆహార నియంత్రణల కింద, ఔషధ వినియోగానికి కాదన్న చిన్న అచ్చు పక్కన, బొమ్మలతో, సూచనలతో, పుస్తకం పట్టుకున్న పిల్లవాడి ఫొటోతో బయటికి వస్తూనే ఉంది. చట్టానికి సందులుంటాయి. మనస్సాక్షికి సందులు పెట్టుకునేది మనమే.

మందులషాపు నడిపే అయ్యలారా, మీరూ ఈ మాట వినాలి. కౌంటరు ముందు నిలబడిన పెద్దాయన రక్తం పలచబడే మందు వాడుతున్నాడేమో అడగకుండా జింకో చేతిలో పెట్టకండి. ఆ రెండూ కలిస్తే రక్తస్రావానికి దారితీసే ప్రమాదం ఉంది. థైరాయిడ్ మాత్ర వేసుకునే ఆమెకు, గర్భిణికి అశ్వగంధ ఇవ్వకండి. కమీషన్ ఎక్కువని ముందు వరసలో పెట్టిన సీసా మీ అమ్మగారికి ఇస్తారా అని ఒక్కసారి మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి.

తల్లిదండ్రులారా, మీ భయం మాకు తెలుసు. మీ పిల్లవాడు ఐదు గంటలే నిద్రపోతున్నాడు, పొద్దున ఏమీ తినకుండా క్లాసుకు పోతున్నాడు, నెలల తరబడి ఎండ ముఖం చూడడం లేదు. చదివినది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఆ నిద్రను కోసి, పోయినదాన్ని మాత్రతో పూడ్చాలనుకోవడం బిడ్డకు మేలు చేయదు. ఇంకొక నష్టమూ ఉంది. నీ బుద్ధి చాలదు, అందుకే ఈ మందు అని మీరు నోటితో అనకపోయినా ఆ సీసా వాడికి రోజూ అదే చెబుతుంది. సరస్వతి ఆకు పచ్చడి చేసి ప్రేమగా పెట్టండి, అందులో తప్పేమీ లేదు. మాత్ర కొనాలనే ఉంటే డాక్టరుకు చూపించి, మొక్క లాటిన్ పేరు, వాడిన భాగం, ఎంత శాతం ఏ పద్ధతిలో, బ్యాచ్ నంబరు, లోహాల పరీక్ష ఫలితం, ఇవన్నీ అడగండి. కంపెనీకి ఫోను చేసి ఆ బ్యాచ్ పరీక్షపత్రం పంపమనండి. పంపని కంపెనీ సరుకు కొనకండి. వందమంది అడిగితే నూటొకటోవాడికి అడగకుండానే పంపుతారు.

నాయనా, తిరిగి నీ దగ్గరికి వస్తున్నాను. నీ మీద ఒత్తిడి రాకపోదు. నెలాఖరు వస్తుంది, కంటైనరు పోర్టులో నిలబడి ఉంటుంది, నీ పరీక్షలో సీసం హద్దు మీరి ఉంటుంది. మరో నమూనా తీసి చూడమంటారు. తియ్యి, కానీ మొదటి ఫలితాన్ని రిజిస్టరులోంచి చెరిపెయ్యకు. మూడోసారీ నాలుగోసారీ తీసి, నచ్చినదాన్ని ఎంచుకోమంటే ఒప్పుకోకు. సరుకు అమ్మినవాడు పంపిన పరీక్షపత్రాన్ని నీ పరీక్షగా నకలు చేయకు. ప్రతి బ్యాచ్ నమూనా సీలువేసి, దాని గడువు తీరేదాకా భద్రపరచు. ఎవరైనా వచ్చి అడిగిననాడు తాళం తీసి చూపగలగాలి. బస్తా వచ్చినప్పుడు పొడి అయ్యాక కాకుండా ఆకుగా ఉన్నప్పుడే కొంత తీసి, వృక్షశాస్త్రం తెలిసినవారితో గుర్తింపు చేయించు. నీ సూపర్‌వైజరు మంచివాడైతే నీ పట్టుదల వల్ల ఆయనకూ బలం వస్తుంది. కాకపోతే నీవు సంతకం పెట్టనన్న మాట కాగితం మీద రాసి ఇవ్వు. నోటిమాటగా వదిలెయ్యకు. ఉద్యోగం పోతుందని భయపడతావు, పోవచ్చు కూడా. నీలాంటి పిల్లలు మరో నలుగురు ఆ గదిలో ఉన్నారు. వాళ్లతో ముందే మాట్లాడుకో. ఒక్కడు నిరాకరిస్తే తీసేస్తారు, ఐదుగురు నిరాకరిస్తే ఆ బ్యాచ్‌నే వెనక్కి పంపుతారు.